పెర్త్ నుంచి కంఠీరవ దాకా

బెంగుళూరులో కొత్తవాళ్లు పరిచయమైతే పేరు తర్వాత అడిగే ప్రశ్న ఒకటే. "నిమ్మ నేటివ్ యావుదు?" నేను ఈ ఊరు వచ్చి నలభై ఏళ్లు దాటింది. ఇప్పటికీ "ధర్మవరం, అనంతపురం జిల్లా" అనే చెబుతాను. 2022లో జిల్లాలు విడదీశాక మా ఊరు శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్లింది గానీ, నా నోటికి పాత మాటే అలవాటు. ఇక్కడే పుట్టిపెరిగిన మా పెద్దబ్బాయి కాస్త తడబడి "మా నాన్నగారిది ధర్మవరం" అంటాడు. వాడి కొడుకు, ఏడో తరగతి చదివే మా మనవడు, ఏ తడబాటూ లేకుండా "బెంగుళూరే" అంటాడు. ఒకే ఇంట్లో మూడు తరాలు, మూడు జవాబులు. మన సంఘంలో చాలామంది ఇళ్లలో ఇదే వరస అని నాకు తెలుసు.

ఈ ప్రశ్న గురించి నన్ను మళ్లీ ఆలోచనలో పడేసినవాడు ఒక ఫుట్‌బాల్ ఆటగాడు. పేరు రయాన్ విలియమ్స్. ఆస్ట్రేలియాలో పుట్టి, ఇంగ్లండులో పన్నెండేళ్లు ఊళ్లు మారుతూ ఆడి, చివరికి మన బెంగుళూరు చేరిన వింగర్. అతని కథ మన పత్రిక చదివే కుటుంబాలకు ఎందుకు చెప్పాలనిపించిందో చివరిదాకా చదివితే మీకే తెలుస్తుంది.

ఉగాది ముందురోజు

2025 మార్చి 29, శనివారం. మర్నాడు విశ్వావసు నామ సంవత్సర ఉగాది. ఇంటావిడ మామిడాకులు, వేపపువ్వు తెమ్మని చీటీ రాసి చేతికిచ్చింది. అదే సాయంత్రం కంఠీరవ స్టేడియంలో బెంగుళూరు ఎఫ్‌సీకీ ముంబై సిటీకీ ఐఎస్ఎల్ నాకౌట్ మ్యాచ్. మనవడు వారం ముందునుంచే నా వెంటపడ్డాడు. వాళ్ల నాన్నకు ఆఫీసు తెమలదు కనుక తోడు నేనే వెళ్లాలి. విజయనగర్‌లో మెట్రో ఎక్కి కబ్బన్ పార్క్ దగ్గర దిగాం. వేపపువ్వు చీటీ జేబులోనే ఉండిపోయింది.

నాకు క్రికెట్ తప్ప మరో ఆట తెలియదు. నీలం చొక్కాలు వేసుకుని మ్యాచ్ సాంతం నిలబడి పాటలు పాడే వెస్ట్ బ్లాక్ బ్లూస్ కుర్రాళ్లను చూస్తూ కూర్చున్నాను. ఆ రోజు బెంగుళూరు 5-0తో గెలిచింది. సునీల్ ఛెత్రీ గోల్ కొట్టినప్పుడు స్టేడియం ఊగిపోయింది. కానీ నా కన్ను ఆగింది మైదానం అంచున, సున్నంగీత వెంట అలుపు లేకుండా ముందుకీ వెనక్కీ పరుగెడుతున్న ఒక తెల్లదొర మీద. ఐదు గోల్స్‌లో ఒకటి అతనిదే.

"ఎవర్రా ఆయన?" అన్నాను.

"విలియమ్స్ తాతా. వింగర్."

"నేటివ్ ఎక్కడ?"

"ఆస్ట్రేలియా."

అంతటితో ఆ మాట మరిచిపోయాను. ఇంటికి వెళ్లేసరికి రాత్రి చాలా పొద్దుపోయింది. ఉగాది పచ్చడికి వేపపువ్వు పక్కింటివాళ్లే ఇచ్చారు.

ఎనిమిది నెలల తర్వాత, నవంబరులో ఒక సాయంత్రం మనవడు బడినుంచి వస్తూనే అరిచాడు. "తాతా, నీకు గుర్తుందా, ఆ విలియమ్స్? ఆయన ఇప్పుడు ఇండియన్!"

అంచు గీత మనిషి

ముందు వింగర్ అంటే ఏమిటో నాలాంటివారి కోసం నాలుగు మాటలు. ఫుట్‌బాల్ మైదానానికి పొడుగునా రెండు పక్కలా ఉండే గీతలను టచ్‌లైన్లు అంటారు. ఆ గీతను అంటిపెట్టుకుని ఆడేవాడు వింగర్. మన చిన్నప్పుడు పేపర్లలో 'లెఫ్ట్ అవుట్', 'రైట్ అవుట్' అని రాసేవారు, వాళ్లే వీళ్లు. బంతిని అంచు వెంట తీసుకెళ్లి, ఎదురొచ్చినవాణ్ణి తప్పించి, గోలుముందు కాచుకున్న తనవాళ్లకు అందించడం వాళ్ల పని. గోల్ కొట్టినవాడి పేరు మర్నాడు పేపర్లో వస్తుంది. అందించినవాడి పేరు చాలాసార్లు రాదు. పైగా ఎదుటిపక్షం దాడికి వస్తే అంత దూరమూ వెనక్కి పరుగెత్తి కాపుకాయాలి. వేగం తగ్గితే వింగర్‌కు విలువ తగ్గుతుంది. పిక్కకో తొడకో గాయమైతే కొన్నాళ్ల జీవనోపాధికే గండం.

వృత్తి ఆటగాళ్ల బతుకు గురించి కూడా చెప్పాలి. ఇంగ్లండులో పై నాలుగు మెట్లలో కలిపి 92 క్లబ్బులున్నాయి. ప్రీమియర్ లీగ్‌లో 20, దాని కింద ఛాంపియన్‌షిప్, లీగ్ వన్, లీగ్ టూలలో తలా 24. బాగా ఆడితే క్లబ్బు పైమెట్టుకు పోతుంది, ఆడకపోతే కిందికి జారుతుంది. టీవీలో మనం చూసే కోటీశ్వరులు పైమెట్టు మనుషులు. కింది మెట్లలో ఎక్కువమందివి ఒకటి రెండేళ్ల ఒప్పందాలు. ఒప్పందం ముగిసిన వేసవిలో పిలుపు కోసం కాచుకోవాలి. ఒక క్లబ్బులో చోటు దొరకనివాణ్ణి మరో క్లబ్బుకు కొన్ని నెలలు అప్పుగా పంపడం కూడా ఉంది. మన గవర్నమెంటు ఆఫీసుల్లో డెప్యుటేషన్ లాంటిదనుకోండి. జీతం ఒకచోట, పని మరోచోట, ఇల్లు ఎక్కడో ఎవరికీ తెలియదు.

పన్నెండేళ్లు, ఆరు ఊళ్లు

రయాన్ విలియమ్స్ 1993 అక్టోబరు 28న పశ్చిమ ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో పుట్టాడు. తండ్రి ఇంగ్లండువాడు. తల్లిది బొంబాయి ఆంగ్లో ఇండియన్ కుటుంబం. ఇంట్లో ముగ్గురు అన్నదమ్ములు ఫుట్‌బాల్‌నే వృత్తిగా ఎంచుకున్నారు. అన్న రైస్ విలియమ్స్ ఇంగ్లండులో మిడిల్స్‌బ్రోకు డిఫెండర్‌గా ఆడాడు. ముందు వేల్స్ అండర్-21 జట్టు చొక్కా వేసుకుని, తర్వాత ఆస్ట్రేలియా జాతీయజట్టుకు ఆడినవాడు. కవలసోదరుడు ఆరిన్ అయితే రయాన్ కంటే ముందే మన దేశం వచ్చి, 2017-18 ఐ-లీగ్‌లో ఇంఫాల్ క్లబ్బు నెరోకాకు ఆడాడు. ఆ ఏడు నెరోకా రెండో స్థానంలో నిలిచింది. ఈ ఒక్క ఇంట్లోనే ఎన్ని దేశాల చొక్కాలున్నాయో లెక్కపెట్టుకోండి.

రయాన్ ఇంకా కుర్రవాడుగా ఉండగానే పెర్త్ వదిలి ఇంగ్లండు దక్షిణ తీరంలోని పోర్ట్స్‌మత్ చేరాడు. 2011-12 సీజన్‌లో పెద్దల జట్టులోకి వచ్చాడు. కానీ ఆ క్లబ్బు అప్పుల్లో మునిగి ఉంది. 2008లో ఎఫ్ఏ కప్ గెలిచిన పోర్ట్స్‌మత్, ఐదేళ్లు తిరిగేసరికి నాలుగో మెట్టుకు పడిపోయింది. ఆ పతనం మధ్యలోనే, 2012 జనవరిలో, రయాన్ లండన్ క్లబ్బు ఫుల్‌హామ్‌కు వెళ్లాడు. అప్పుడది ప్రీమియర్ లీగ్‌లో ఉంది. పద్దెనిమిదేళ్ల పిల్లవాడికి అంతకంటే ఏం కావాలి?

అయితే పెద్ద క్లబ్బులో చేరడం వేరు, అక్కడ ఆడటం వేరు. ఫుల్‌హామ్ మొదటి జట్టులో స్థిరపడే అవకాశం రాలేదు. డెప్యుటేషన్లు మొదలయ్యాయి. గిలింగ్‌హామ్, ఆక్స్‌ఫర్డ్ యునైటెడ్, బార్న్స్‌లీ. 2015లో బార్న్స్‌లీ పూర్తిగా తీసుకుంది. 2017లో రోథర్‌హామ్‌కు మారాడు. ఆ మరుసటి వేసవి, 2018 మేలో, వెంబ్లీలో జరిగిన ప్లేఆఫ్ ఫైనల్లో ష్రూస్‌బరీని 2-1తో ఓడించి రోథర్‌హామ్ మూడో మెట్టు నుంచి రెండో మెట్టుకు ఎక్కింది. 2019లో తనకు తొలి అన్నం పెట్టిన పోర్ట్స్‌మత్‌కే తిరిగొచ్చాడు. అప్పటికి క్లబ్బు కొంత కోలుకుని మూడో మెట్టుకు చేరింది. 2020 జులైలో, కోవిడ్ వేళ ప్రేక్షకులు లేని మైదానంలో, పోర్ట్స్‌మత్ ప్లేఆఫ్ సెమీఫైనల్ పెనాల్టీల్లో ఓడింది. ఓడించింది ఆక్స్‌ఫర్డ్. 2021లో విలియమ్స్ చేరింది ఆ ఆక్స్‌ఫర్డ్‌లోనే. ఈ వృత్తిలో పంతాలకు చోటుండదు, ఒప్పందం ఎక్కడుంటే ఊరు అక్కడ.

ఈ మధ్యలోనే, 2019 జూన్‌లో, బూసాన్ నగరంలో దక్షిణ కొరియాపై ఆస్ట్రేలియా జాతీయజట్టుకు ఒక్క మ్యాచ్ ఆడాడు. అది స్నేహపూర్వక మ్యాచ్. ఆ తర్వాత మళ్లీ ఆ చొక్కా దక్కలేదు. అదే అదృష్టమయింది. పోటీ మ్యాచ్ కాకపోవడంతో మరో దేశానికి మారే దారి మూసుకుపోలేదు. కానీ అప్పటికి ఆ దారి ఒకటి అవసరమవుతుందని ఎవరూ అనుకుని ఉండరు.

పన్నెండేళ్ల తర్వాత 2022లో పెర్త్ తిరిగివెళ్లాడు. సొంత ఊరి క్లబ్బు పెర్త్ గ్లోరీకి ఒక సీజన్ ఆడాడు. తిరిగి తిరిగి గూటికి చేరాడనీ, కథ ఇక్కడితో ముగిసిందనీ ఎవరైనా అనుకుంటారు. కానీ 2023 వేసవిలో మళ్లీ పెట్టె సర్దుకున్నాడు. ఈసారి బెంగుళూరుకు.

నీలం చొక్కా

బెంగుళూరు ఎఫ్‌సీ 2013లో పుట్టిన క్లబ్బు. మొదటి ఏడాదే ఐ-లీగ్ గెలిచింది. 2016లో ఏఎఫ్‌సీ కప్ ఫైనల్ చేరింది. మన దేశం నుంచి ఆ ఫైనల్ చేరిన మొదటి క్లబ్బు అదే. 2018-19లో ఐఎస్ఎల్ విజేత. అంత పేరున్న క్లబ్బు, విలియమ్స్ వచ్చిన మొదటి సీజన్‌లో పన్నెండింట పదో స్థానంలో నిలిచింది. 2024-25లో మూడో స్థానానికి ఎగబాకి, నేను చూసిన ఆ ముంబై మ్యాచ్ గెలిచి, సెమీఫైనల్లో గోవాను దాటి ఫైనల్ చేరింది. 2025 ఏప్రిల్ 12న కోల్‌కతా సాల్ట్‌లేక్ స్టేడియంలో మోహన్‌బగాన్ చేతిలో 1-2తో అదనపు సమయంలో ఓడిపోయింది. ఆ రెండు గోల్స్ కొట్టిన జేసన్ కమ్మింగ్స్, జేమీ మెక్‌లారెన్ ఇద్దరూ ఆస్ట్రేలియాకు ఆడినవాళ్లే. మనవడు ఆ రాత్రి అన్నం తినలేదు.

ఆ తర్వాత వచ్చింది అసలు కష్టం. లీగ్ నడిపే ఒప్పందం విషయంలో చిక్కులొచ్చి, 2025 జులైలో కొత్త సీజన్ ఆగిపోయింది. ఎప్పుడు మొదలవుతుందో చెప్పే దిక్కులేదు. ఆగస్టులో బెంగుళూరు ఎఫ్‌సీ తన మొదటి జట్టు ఆటగాళ్లకు, సిబ్బందికి జీతాలు నిలిపివేస్తున్నట్టు ప్రకటించింది. లీగ్ చివరికి 2026 ఫిబ్రవరిలో, మ్యాచ్‌ల సంఖ్య తగ్గించుకుని, మొదలైంది. అంటే 2025 నవంబరు నాటికి మన దేశంలో వృత్తి ఫుట్‌బాల్ ఆడేవాడికి రేపు ఏమిటో తెలియని స్థితి. సరిగ్గా ఆ నవంబరులోనే విలియమ్స్ ఆస్ట్రేలియా పౌరసత్వం వదులుకుని భారత పౌరుడయ్యాడు.

తాతగారి ట్రోఫీ

ఎందుకు? ఆ ప్రశ్నకు జవాబు కోసం దాదాపు డెబ్భై ఏళ్లు వెనక్కి వెళ్లాలి. విలియమ్స్ తల్లిగారి తండ్రి లింకన్ గ్రోస్టేట్ ఫుట్‌బాల్ ఆటగాడు. 1956లో సంతోష్ ట్రోఫీలో బొంబాయి జట్టు తరఫున ఆడారు. రాష్ట్ర జట్ల మధ్య జరిగే ఈ పోటీ ఆ రోజుల్లో దేశంలోకెల్లా పెద్దది.

తెలుగువారికి ఆ ఏడు మరో విధంగా గుర్తుండాలి. 1956-57 సంతోష్ ట్రోఫీ గెలిచింది హైదరాబాద్. ఫైనల్లో ఓడించింది బొంబాయినే. మరుసటి ఏడూ అంతే, ఫైనల్లో మళ్లీ బొంబాయి, మళ్లీ గెలుపు హైదరాబాద్‌దే. ఆ హైదరాబాద్ ఫుట్‌బాల్‌కు ప్రాణం పోసిన మనిషి బడిపంతులుగా పనిచేసిన సయ్యద్ అబ్దుల్ రహీమ్. ఆ జట్టులో ముందువరసన ఆడిన కుర్రవాడు సికింద్రాబాదు అమ్ముగూడలో 1936లో పుట్టిన తులసీదాస్ బలరాం.

బలరాం గారి పేరు మన పిల్లలకు తెలియదు, తెలియాలి. తమిళం మాట్లాడే ఇంట్లో పుట్టి, సికింద్రాబాదు వీధుల్లో ఆట నేర్చి, ఇరవై ఏళ్లకు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌కు వెళ్లారు. ఆ ఒలింపిక్స్‌లో మన జట్టు నాలుగో స్థానంలో నిలిచింది. 1957లో కలకత్తా ఈస్ట్‌బెంగాల్‌కు వెళ్లారు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీద ఒక గోల్, పెరూ మీద ఒక గోల్ కొట్టారు. 1962 జకార్తా ఆసియా క్రీడల ఫైనల్లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి బంగారు పతకం తెచ్చిన జట్టులో పీకే బెనర్జీ, చునీ గోస్వామి, బలరాం మూడు పేర్లూ కలిపే చెప్పుకునేవారు. అదే ఏడు అర్జున అవార్డు. మరుసటి ఏడు బీఎన్ఆర్ రైల్వే జట్టుకు మారిన కొద్దికాలానికే ఊపిరితిత్తుల జబ్బు వచ్చి, 27వ ఏట ఆట మానేయవలసివచ్చింది. తర్వాత కూడా సికింద్రాబాదు తిరిగి రాలేదు. కలకత్తా దగ్గర ఉత్తరపాడాలో స్థిరపడి, 2023 ఫిబ్రవరి 16న, 86వ ఏట కన్నుమూశారు. ఆయన్ను బెంగాల్ తనవాడంటుంది, హైదరాబాద్ తనవాడంటుంది. రెండూ నిజమే.

బెంగుళూరు కూడా అలా ఎందరినో కలకత్తా పంపింది. ఇక్కడ కంటోన్మెంటు మైదానాల్లో ఆడి పెరిగిన అహ్మద్ ఖాన్ 1948, 1952 ఒలింపిక్స్‌లో ఆడారు. ఈస్ట్‌బెంగాల్ ముందువరసను ఆ రోజుల్లో 'పంచపాండవులు' అనేవారు. అహ్మద్ ఖాన్, ధనరాజ్, వెంకటేశ్, సాలె, అప్పారావు. ఆ ఐదుగురిలో ఒక తెలుగు పేరు కూడా ఉందని గమనించే ఉంటారు. 1962 బంగారు పతకం జట్టులోని వింగర్ అరుమైనాయగం కూడా బెంగుళూరువాడే. పోటీలు, క్లబ్బులు, ఉద్యోగాలు కలకత్తాలో ఉండేవి. కనుక ఆటగాడు కలకత్తా వెళ్లేవాడు. ఇప్పుడు సాఫ్ట్‌వేర్ పిల్లలు బెంగుళూరు రావడం లాంటిదే అది.

ఈ కథ మనవడికి చెబితే వాడు ఒక్క క్షణం ఆలోచించి, "అంటే విలియమ్స్ వాళ్ల తాత ఆడిన పోటీ హైదరాబాదే గెలిచిందా తాతా?" అని చప్పట్లు కొట్టాడు. బెంగుళూరే నా ఊరు అనే వాడికి హైదరాబాద్ గెలుపు ఎందుకంత సంతోషమిచ్చిందో నేను అడగలేదు.

రెండిట్లో ఒకటే

మన రాజ్యాంగం, 1955 నాటి పౌరసత్వ చట్టం రెండు దేశాల పౌరసత్వాన్ని ఒప్పుకోవు. వేరే దేశం పౌరసత్వం తీసుకున్ననాడే మన పౌరసత్వం పోతుంది. ఓసీఐ కార్డు ఉన్నవారు ఇక్కడ ఉండవచ్చు, ఉద్యోగం చేయవచ్చు. కానీ 2008 చివర కేంద్ర ప్రభుత్వం పెట్టిన నియమం ప్రకారం భారత పాస్‌పోర్టు లేనివారు దేశం తరఫున ఆడకూడదు. తల్లి బొంబాయిలో పుట్టినా, తాత బొంబాయికి ఆడినా, విలియమ్స్ భారత జట్టు చొక్కా వేసుకోవాలంటే పుట్టిన దేశం పాస్‌పోర్టు వదులుకోక తప్పదు.

అతనికి ముందు ఆ పని చేసినవాడు ఒక్కడే. జపాన్‌లో గుజరాతీ తండ్రికి, జపాన్ తల్లికి పుట్టిన అరాతా ఇజుమీ. 2012లో జపాన్ పౌరసత్వం వదిలి, మరుసటి ఏడు భారత జట్టుకు ఆడాడు. నీలకంఠ్ ఖంబోల్జా అన్న పేరూ పెట్టుకున్నాడు.

విలియమ్స్ ఏం వదులుకున్నాడో ఒకసారి చూడండి. ఆస్ట్రేలియా 2026 ప్రపంచ కప్‌కు 2025 జూన్‌లోనే అర్హత సంపాదించింది. మన జట్టు 2025 అక్టోబరులో సింగపూర్ చేతిలో ఓడి, 2027 ఆసియా కప్ అవకాశం కూడా పోగొట్టుకుంది. ఇక్కడి లీగ్ ఆగిపోయి ఉంది. అతనికి 32 ఏళ్లు నిండాయి. వింగర్ కాళ్లలో వేగం మిగిలేది ఇంకా కొన్నేళ్లే. నిజమే, ఆ వయసులో ఆస్ట్రేలియా జట్టు నుంచి పిలుపు వస్తుందన్న ఆశ పెద్దగా లేకపోవచ్చు. అయినా ఆట ముగిశాక కూడా బతుకు ఉంటుంది కదా. ఆ మిగతా బతుకంతటికీ వర్తించే నిర్ణయం అది. లెక్కలు వేసేవాడెవడూ చేసే పని కాదు.

2025 నవంబరులో బెంగుళూరులోనే, జాతీయజట్టు శిక్షణ శిబిరం జరుగుతున్నప్పుడు, క్లబ్బు సహచరుడు సునీల్ ఛెత్రీ చేతులమీదుగా విలియమ్స్ తన భారత పాస్‌పోర్టు అందుకున్నాడు. నవంబరు 18న ఢాకాలో బంగ్లాదేశ్‌తో మ్యాచ్. కానీ ఆస్ట్రేలియా నుంచి రావలసిన అనుమతి వేళకు అందక, ఆ మ్యాచ్‌లో దిగలేకపోయాడు. మన జట్టు 0-1తో ఓడింది. కాగితాల కోసం కాచుకోవడం మనకు కొత్తా? భారతీయుడైన మొదటి నెలలోనే అతనికి ఆ పాఠం కూడా అయిపోయింది.

మా ఇంటి సంగతి

ఇక్కడ నా సొంత విషయం ఒకటి చెప్పాలి. మా రెండో అబ్బాయి మెల్‌బోర్న్‌లో ఉంటాడు. 2021లో అక్కడి పౌరసత్వం తీసుకున్నాడు. ఫోన్‌లో ఆ మాట చెప్పినప్పుడు నేను "సరే నాయనా, మీ ఇష్టం" అన్నాను. ఆ మూడు మాటల్లో ఎంత విరుపు ఉందో వాడికీ తెలుసు, వాళ్లమ్మకూ తెలుసు. "వాడేం తప్పు చేశాడండీ, మీరు ధర్మవరం వదిలి రాలేదా?" అని ఆవిడ అడిగితే, "రాష్ట్రం మారడం వేరు, దేశం మారడం వేరు" అని వాదించాను. అప్పటినుంచీ ఫోన్‌లో మా ఇద్దరి మాటలు ఆరోగ్యం, వాతావరణం దాటి పోలేదు.

విలియమ్స్ వార్త చదివాక నాకు తోచింది ఇది. ఏనాడో బొంబాయిలో ఒక కుటుంబం కూడా సామాన్లు సర్దుకుని ఆస్ట్రేలియా వెళ్లింది. వెళ్లినప్పుడు ఇక్కడ మిగిలినవాళ్లు ఎవరో ఒకరు నాలాగే "ఇంక వీళ్లు మనవాళ్లు కారు" అనుకునే ఉంటారు. పిల్లలు అక్కడ పుట్టారు, అక్కడి యాసలో మాట్లాడారు, అక్కడి జట్టుకు ఆడారు. కానీ ఆ ఇంట్లో తాతగారి సంతోష్ ట్రోఫీ సంగతి చచ్చిపోలేదు. మనవడు దాన్ని మోసుకుంటూ ఆరు ఊళ్లు తిరిగి, ఏడో ఊరుగా మన బెంగుళూరు వచ్చి, పాస్‌పోర్టు మార్చుకున్నాడు. అతన్ని ఎవరూ బలవంతపెట్టలేదు. పెట్టినా జరిగేది కాదు. తాత ఆటగాడన్న సంగతి ఇంట్లో నిలిచి ఉండటమే వాళ్లు చేసిన మంచిపని అని నాకనిపిస్తుంది.

మన పిల్లలు అందరూ తిరిగి రారు. రావాలని కోరుకోవడం కూడా న్యాయం కాదు. బలరాం గారు తిరిగి రాలేదు, అయినా ఆయన సికింద్రాబాదువాడు కాకుండా పోలేదు. నేను కూడా ధర్మవరం తిరిగి వెళ్లను, ఆ సంగతి నాకెప్పుడో తెలుసు. మన చేతిలో ఉన్నది ఒకటే. మనవాళ్లకు మన దగ్గరున్న సంగతి చెప్పడం. వాళ్లు దాన్ని ఏం చేసుకుంటారో వాళ్ల ఇష్టం. ఈసారి ఆ మాట విరుపు లేకుండానే అంటున్నాను.

మొన్న ఆదివారం మెల్‌బోర్న్‌కు ఫోన్ చేసి, వాడి నాలుగేళ్ల కూతుర్ని పిలవమన్నాను. మా నాన్నగారు ధర్మవరంలో మగ్గం మీద పట్టుచీర నేసేటప్పుడు గుంటలోకి కాళ్లు పెట్టుకుని ఎలా కూర్చునేవారో, నాడె ఇటునుంచి అటు పోతుంటే ఎలాంటి చప్పుడు వచ్చేదో, నోటితో చేసి చూపించాను. పిల్ల పకపకా నవ్వి, ఆ చప్పుడు మళ్లీ చెయ్యమంది. మూడుసార్లు చేయించింది. వెనకనుంచి మావాడి గొంతు వినిపించింది. "నాన్నా, ఈ సంగతి నాకెప్పుడూ చెప్పలేదేం?"

నిజమే, చెప్పలేదు. ఆ రోజు వాతావరణం గురించి మాట్లాడుకోలేదు.